మీ ప్రశ్నలు – నా చెవులు: ‘ఎల్‌టీఈ 3’

ప్రశ్న: గాత్రం లేకుండా వాయించే రాక్ బృందం లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్ (ఎల్‌టీఈ) 22 ఏళ్ల తర్వాత కొత్త ఆల్బం తెచ్చింది కదా, విన్నారా సార్? పాతవాటి సరసన నిలబడుతుందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: విన్నానండీ. 2021 ఏప్రిల్ 16న వచ్చింది, ఇప్పటికి మూడుసార్లే అయింది. వచ్చే నెల మాట మారిస్తే నిలదీయకండి.

1998లో వీళ్ల మొదటి ఆల్బంను ఒక స్నేహితుడి సీడీ నుంచి అరవై నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. చివర్లో ‘త్రీ మినిట్ వార్నింగ్’ అని ఒకటుంది. పేరుకే మూడు నిమిషాలు, సాగేది 28 నిమిషాల పైన! సగంలో టేపు అయిపోయి టక్కుమని ఆగేది. మిగతా సగం వినడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. అంచేత ఈ నలుగురి మీద నాకు కొంచెం పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

నలుగురూ మళ్లీ వాళ్లే. జాన్ పెట్రూచీ గిటార్, జోర్డన్ రూడెస్ కీబోర్డ్, మైక్ పోర్ట్‌నాయ్ డ్రమ్స్, టోనీ లెవిన్ బేస్. పోర్ట్‌నాయ్ 2010లో డ్రీమ్ థియేటర్ అనే రాక్ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు; మొదటి ఇద్దరూ అందులోనే ఉండిపోయారు. ఇన్నాళ్లకు, లాక్‌డౌన్‌తో కచేరీలన్నీ ఆగిపోయిన 2020 వేసవిలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో కలిసి కూర్చున్నారు.

మొదటి ట్రాక్ ‘హైపర్‌సానిక్’ నాకు నచ్చలేదు. తప్పు పట్టడానికేమీ లేదు, వేళ్లు అసాధ్యమే. కానీ అన్నం పెట్టకముందే విస్తరి నిండా పచ్చళ్లు వడ్డించినట్టుంది. తాళం వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు నిమిషాలకే చేయి దించేశాను.

అసలు రుచి ఐదో ట్రాక్‌లో తగిలింది. ‘క్రిస్ అండ్ కెవిన్స్ అమేజింగ్ ఒడిస్సీ’లో లెవిన్, పోర్ట్‌నాయ్ ఇద్దరే. అప్పట్లో ఒక ఫొటోగ్రాఫర్ వీళ్ల పేర్లు మరిచి క్రిస్, కెవిన్ అని పిలిచాడట. ఆ వేళాకోళం మొదటి ఆల్బం నుంచీ నడుస్తోంది. ఇక్కడ బేస్ వింటే ఏదో పెద్ద జంతువు గొంతు సవరించుకున్నట్టుంటుంది. ఆల్బం వచ్చేనాటికి లెవిన్‌కు 74 ఏళ్లు. వేరే ట్రాక్‌లలో మిగతా ముగ్గురూ పరుగెత్తుతుంటే ఈయన ఒక్క స్వరం వేసి ఊరుకుంటాడు, ఆ స్వరం మీదే అందరూ నిలబడతారు. ఆల్బం అంతా నా చెవి ఆయన వెనకే పోయింది.

అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1924లో రాసిన ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ని 13 నిమిషాలు వాయించారు. 2008 కచేరీల్లో వాయించిందే, ఇప్పుడు స్టూడియోకెక్కింది. మొదట్లో వచ్చే ఆ క్లారినెట్ సాగదీత లేకుండా ఇదేం రాప్సొడీ అని గొణుక్కుంటూ మొదలుపెట్టాను, చివరికి వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.

ఇక మీ రెండో మాటకు: మొదటి ఆల్బం పక్కన నిలబడుతుంది. 1999 నాటి రెండోదాన్ని దాటిందా అంటే, ఈ మూడు వినికిళ్లకు ఇంకా లేదు.

ప్రశ్న: గాత్రమే లేని సంగీతం గంటసేపు వినడం నా వల్ల కాదండీ. పైగా లెవిన్ వాయించే ఆ ‘చాప్‌మన్ స్టిక్’ ఏమిటి? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గిటార్‌కు పొట్ట తీసేసి మెడ ఒక్కటే ఉంచితే ఎలా ఉంటుంది? అదేనమ్మా. ఎమ్మెట్ చాప్‌మన్ అనే అమెరికన్ తయారుచేశాడు. పది, పన్నెండు తీగలుంటాయి. మీటడం ఉండదు, రెండు చేతుల వేళ్లతోనూ తీగల మీద తట్టడమే. లెవిన్ దానికి పేరుమోసిన వాయిద్యకారుడు.

గంటంతా ఒకేసారి వినమని ఎవరన్నారు? ‘షేడ్స్ ఆఫ్ హోప్’తో మొదలుపెట్టండి. రూడెస్ పియానో, పెట్రూచీ గిటార్, అంతే. ఆ గిటార్ గాత్రంలాగే పాడుతుంది. ‘హైపర్‌సానిక్’ ఆఖరికి. మా ఇంట్లో అది మోగగానే మా ఆవిడ కావాలనే మిక్సీ వేస్తోంది. నిన్న మాత్రం కొబ్బరి పచ్చడి, పోర్ట్‌నాయ్ ఒకేసారి ఆగారు.