పోలీసు దళాలను కలిపేస్తామంటే స్థానికులు ఎందుకు వద్దంటారు? స్కాట్లాండ్‌లో నేను చూసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంగ్లాండ్, వేల్స్‌లలో ఉన్న 43 పోలీసు దళాలను కలిపి కొన్ని పెద్ద దళాలుగా చేస్తే ఖర్చు తగ్గుతుందనీ, పెద్ద నేరాలను ఛేదించే సత్తా పెరుగుతుందనీ అంటున్నారు కదా, మరి జనానికి అభ్యంతరం దేనికి, ఉత్త సెంటిమెంటేనా అని.

సెంటిమెంటు కొంత ఉంటుంది, కాదనను. కానీ అసలు గొడవ దాని గురించి కాదు. స్కాట్లాండ్‌లో ఎనిమిది దళాలను ఒక్కటి చేసినప్పుడు నేను ఉద్యోగం మీద ఇన్వర్నెస్ దగ్గర ఒక పల్లెలో ఉండేవాణ్ణి. రాష్ట్రమంతటికీ ఒకే డీజీపీ ఉండే చోటి నుంచి వెళ్ళినవాళ్ళకి ఈ రగడ వింతగానే అనిపిస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2013 ఏప్రిల్ 1న స్ట్రాత్‌క్లైడ్, లోథియన్ అండ్ బోర్డర్స్, గ్రాంపియన్, టేసైడ్, ఫైఫ్, సెంట్రల్, డంఫ్రీస్ అండ్ గాలోవే, నార్తర్న్ దళాలన్నీ పోయి పోలీస్ స్కాట్లాండ్ వచ్చింది. మేమున్నది నార్తర్న్ కింద. హైలాండ్స్‌తో పాటు వెస్టర్న్ ఐల్స్, ఆర్క్‌నీ, షెట్‌లాండ్ దీవులు కూడా దానివే. నేల చూస్తే దాదాపు బెల్జియం అంత, జనం చూస్తే మూడు లక్షలు. గ్లాస్గో చుట్టూ ఉన్న స్ట్రాత్‌క్లైడ్ ఒక్కదాని పరిధిలోనే దేశ జనాభాలో సగానికి దగ్గరగా ఉండేవారు. ఈ రెంటినీ ఒకే గాటన కడితే పెత్తనం ఎవరిదవుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. కొత్త దళానికి మొదటి చీఫ్ కాన్‌స్టేబుల్‌గా, అంటే దళాధిపతిగా, వచ్చిన సర్ స్టీఫెన్ హౌస్ అప్పటిదాకా స్ట్రాత్‌క్లైడ్ చీఫే.

ఊళ్ళలో కమ్యూనిటీ కౌన్సిల్ అని ఒకటి ఉంటుంది. జీతాల్లేవు, అధికారాలు అంతకన్నా లేవు. మా ఊళ్ళో నెలనెలా హాల్లో కూర్చునేవారు, మొట్టమొదటి అంశం పోలీసు రిపోర్టు. మా వైపు కానిస్టేబుల్ టోపీ ఒళ్ళో పెట్టుకుని చిన్న నోట్‌బుక్ చూసి చదివేవాడు: రోడ్డెక్కిన గొర్రెలు, పోయిన క్వాడ్ బైక్, బడి ముందు స్పీడుగా వెళ్ళే వ్యాను. చదవడం అయ్యాక అసలు మాటలు మొదలయ్యేవి. "అవతలి లోయలో కూడా ఒక బైక్ పోయిందట, విన్నావా?" అని ఎవరో అనేవారు, ఆయన రాసుకునేవాడు. టీ తాగుతూ మరో రెండు సంగతులు బయటపడేవి. రిపోర్టులో లేని సమాచారమంతా ఆ టీ దగ్గరే దొరికేదని నా అనుమానం.

విలీనం బిల్లు నడుస్తున్న రోజుల్లో అక్కడే ఒక పెద్దాయన, గొర్రెలు పెంచుకునే రైతు, లేచి అడిగాడు: "ఇప్పుడైతే నచ్చనిదేదన్నా ఉంటే మన కౌన్సిలర్‌ని పట్టుకుంటాం. ఆయన పోలీసు బోర్డులో కూర్చుని చీఫ్‌ని అడుగుతాడు. రేపటి నుంచి ఎవర్ని అడగాలి?" హాల్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

నన్నడిగితే వ్యతిరేకత మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పాత దళాల మీద స్థానిక కౌన్సిలర్లతో కూడిన బోర్డులు ఉండేవి. వాటి స్థానంలో స్కాటిష్ పోలీస్ అథారిటీ వచ్చింది, దాని సభ్యులను నియమించేది మంత్రులు. స్థానిక ప్రణాళిక మీద అభిప్రాయం చెప్పే హక్కు కౌన్సిళ్ళకు మిగిలింది గానీ బడ్జెట్, చీఫ్ రెండూ చేతుల్లోంచి పోయాయి.

ఆ తర్వాత రెండేళ్ళలో జరిగినవి చూస్తే పెద్దాయన భయం ఉత్తదేం కాదని తేలింది. ఎడిన్‌బరో పోలీసులు ఏళ్ళ తరబడి చూసీచూడనట్టు వదిలేసిన సౌనాల (ఆవిరి స్నానాల పేరుతో లైంగిక వ్యాపారం నడిచే చోట్ల) మీద 2013లోనే దాడులు జరిగాయి. గ్లాస్గో తరహాలో దారిన పోయేవాళ్ళని ఆపి సోదా చేయడం మిగతా చోట్లకూ పాకింది. మా దగ్గర మంట పుట్టించింది మాత్రం తుపాకులు. 2014లో నడుముకి పిస్తోలుతో మామూలు డ్యూటీలు చేస్తున్న పోలీసులు ఇన్వర్నెస్ వీధుల్లో కనిపించారు. దేశం మొత్తం మీద 17 వేలకు పైగా పోలీసుల్లో అలాంటివాళ్ళు సుమారు 275 మందే. పైగా పాత దళాల్లో కొన్నిటికి ఈ ఏర్పాటు విలీనానికి ముందే ఉంది. మా ఇంట్లో దీన్నెవరూ పట్టించుకోలేదు, భుజాన తుపాకీ ఉన్న పోలీసుని చూస్తూ పెరిగినవాళ్ళం కదా! కానీ మా పక్కింటావిడ మొహం ఎర్రబడిపోయింది. "నేరాలు ఇంత తక్కువున్న చోట ఇదెందుకు అని కూడా కాదు, మమ్మల్ని ఒక్క మాట అడిగారా?" అంది. హైలాండ్ కౌన్సిల్ వ్యతిరేకించింది, ఒకప్పుడు పోలీసుగా పనిచేసిన స్కాటిష్ పార్లమెంటు సభ్యుడు జాన్ ఫిన్నీ సభలో వదలకుండా అడిగారు. చివరికి ఆ అక్టోబరులో పోలీస్ స్కాట్లాండ్ వెనక్కి తగ్గింది, తుపాకీ అవసరమయ్యే ఘటనలకో ప్రాణాపాయం ఉన్నచోటికో మాత్రమే వాళ్ళను పంపుతామని.

ఇక కంట్రోల్ రూములు. ఇది చదివేవాళ్ళకి చిన్న విషయంగా తోస్తుంది, అక్కడుండేవాళ్ళకి ఇదే అన్నిటికన్నా పెద్దది. ఒకసారి గాలివాన రాత్రి చెట్టు కూలి దారి మూసుకుపోతే 101కి (అత్యవసరం కాని విషయాలకు పోలీసుల నంబరు) ఫోన్ చేశాను. ఊరి పేరు చెప్పగానే అవతలి ఆవిడ "పశువుల గ్రిడ్ దాటాకా, దాటకముందా?" అంది. పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసే కమ్మీల వరస అది. నేనింకా చిరునామా చెప్పనే లేదు. ఆ రోడ్డులో ఆ గ్రిడ్ ఒక్కటే ఉంటుంది, ఆవిడకది తెలుసు. గేలిక్ పేర్లున్న చోట ఇలాంటి ఎరుక ఎంత ముఖ్యమో చూడండి: హారిస్ దీవిలో ఒక టార్బర్ట్ ఉంది, కిన్‌టైర్‌లో మరో టార్బర్ట్, లోమండ్ సరస్సు ఒడ్డున టార్బెట్. ఫోన్‌లో వింటే మూడూ ఒకటే.

2014 జనవరిలో కంట్రోల్ రూములను తగ్గించాలని నిర్ణయించారు, ఆ జాబితాలో ఇన్వర్నెస్ కూడా ఉంది. 2015 జులైలో స్టిర్లింగ్ దగ్గర ఎం9 మోటార్‌వే పక్కన ఒక కారు పడిపోయి ఉందని ఒకరు ఫోన్ చేశారు. ఆ కాల్ కంప్యూటర్లోకి ఎక్కలేదు. మూడు రోజుల తర్వాత గానీ కారు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. అందులోని ఇద్దరూ దక్కలేదు, ఒకరు తర్వాత ఆసుపత్రిలో పోయారు. 2021లో పోలీస్ స్కాట్లాండ్ కోర్టులో తప్పు ఒప్పుకుంది, లక్ష పౌండ్ల జరిమానా పడింది. ఇదంతా విలీనం వల్లే అనడం నాకు సబబుగా తోచదు, చిన్న దళంలోనూ ఒక కాల్ జారిపోవచ్చు. కానీ ఆ తర్వాత మా వైపు ఎవరికి నచ్చజెప్పాలన్నా కుదిరే పని కాదు. ఇన్వర్నెస్, అబర్డీన్ గదుల మూసివేత వాయిదా పడిందే గానీ ఆగలేదు. 2018 నాటికి రెండూ డండీకి వెళ్ళిపోయాయి.

ఆదా సంగతి. 2026 నాటికి 110 కోట్ల పౌండ్లు మిగులుతాయని లెక్క చెప్పారు. స్థానిక దళం కాస్తా జాతీయ సంస్థ అయ్యేసరికి వ్యాట్ వాపసు హక్కు పోయి ఏటా సుమారు రెండున్నర కోట్ల పౌండ్లు కట్టుకోవలసి వచ్చింది, 2018 మార్చి దాకా అదే తంతు. అందరికీ ఒకే కంప్యూటర్ వ్యవస్థ అంటూ మొదలుపెట్టిన ఐ6 ప్రాజెక్టు 2016లో మూలపడింది. ఆదా జరగలేదని కాదు, కాగితం మీద ఉన్నంత సులువుగా జరగలేదు.

అవతలి పక్షం వాదనలో బలం లేకపోలేదు. హత్య కేసో, మాదకద్రవ్యాల ముఠానో తగిలితే నార్తర్న్ లాంటి చిన్న దళం పక్క దళాల్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నిపుణుల జట్లు నేరుగా వస్తాయి. ఆ మేరకు విలీనం మంచిదే అని నా అభిప్రాయం. నెదర్లాండ్స్ 2013లో, స్వీడన్ 2015లో ప్రాంతీయ దళాలను ఒకే జాతీయ దళం చేశాయంటే ఆలోచన గాల్లోంచి పుట్టింది కాదు. పెద్ద కేసులకు పనికొచ్చే ఏర్పాటుని గొర్రెలు రోడ్డెక్కే చోటికి కూడా యథాతథంగా రుద్దడమే మొదటి రెండేళ్ళలో చెడగొట్టింది.

మీరు ఇంగ్లాండ్‌లో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. అక్కడ ఇలాంటి ప్రయత్నాలకు అడ్డుపడేది తరచుగా పన్నే. ఇళ్ళ మీద వేసే స్థానిక పన్ను కౌన్సిల్ టాక్స్‌లో పోలీసు వాటా ఒక్కో దళానికి ఒక్కో రేటు, కలిస్తే ఎవరో ఒకరికి పెరగాలి. 2005-06లో హోం మంత్రి చార్లెస్ క్లార్క్ పెద్ద ఎత్తున విలీనాలు తలపెట్టినప్పుడు, తమంతట తామే సరేనన్న లాంకషైర్, కంబ్రియా కూడా ఆ లెక్కలు తేలక ఆగిపోయాయి. 2006 వేసవికి పథకమే అటకెక్కింది. 2018లో డోర్సెట్‌తో కలవడానికి డెవన్ అండ్ కార్న్‌వాల్‌లో పోలీసుల మీద జనం ఎన్నుకున్న కమిషనర్ ఒప్పుకోలేదు, ప్రతిపాదన అక్కడితో సరి.

కాబట్టి మీ దగ్గర అభిప్రాయ సేకరణ పెడితే బ్యాడ్జి, పేరు మీద వాదించి సమయం పోగొట్టుకోకండి. పన్ను రేటు ఎవరి స్థాయికి మారుతుంది, కంట్రోల్ రూము ఏ ఊళ్ళో ఉంటుంది, మీరు ఎన్నుకున్న మనిషికి చీఫ్‌ని పిలిచి ప్రశ్నించే అధికారం ఉంటుందా లేదా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మొదటిదానికి అంకె వస్తుంది, రెండోదానికి మ్యాపు వస్తుంది. మూడోదానికి "సంప్రదింపులు జరుపుతాం" అని మాత్రమే వస్తే అక్కడ గట్టిగా పట్టుకోండి.