లేత్ మానేసి లక్క బొమ్మలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో టర్నర్ (లేత్ యంత్రం మీద ఇనుమును తిప్పుతూ కోసే పని) చేశాడు. ఐదేళ్లుగా గాజువాక దగ్గర ఒక వర్క్‌షాపులో లేత్ మీద పని. నెలకు 22 వేలు, పీఎఫ్ ఉన్నాయి. ఇప్పుడు అదంతా మానేసి ఏటికొప్పాక వెళ్లి లక్క బొమ్మల పని నేర్చుకుంటాడట, ఇక అదే బతుకుతెరువట. ఒకపక్క సంబంధాలు చూస్తున్నాం. ఏం చెప్పాలో తోచడం లేదు. - ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: తప్పుగా అనుకోకండి, మీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది. అబ్బాయి లేత్ వదిలేస్తున్నాడని మీ కంగారు. ఏటికొప్పాకలో అతను కూర్చోబోయేది లేత్ ముందే కదండీ! తిరుగుతున్న అంకుడు కర్రకు ఉలి ఆనించి రూపం తీస్తారు. తర్వాత దానికే రంగు లక్క ఒత్తితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. అలా చేసే కుంకుమ భరిణె మూత వదులైతే కుంకుమ ఒలుకుతుంది, బిగుసుకుంటే తెరవలేం. ఆ కొలత మీవాడి చేతిలో ఇప్పటికే ఉంది.

అతనికి తెలియనిది కర్ర. ఇవాళ కోసిన ఇనుము రేపూ అదే కొలతలో ఉంటుంది. సరిగా ఆరని కర్ర అలా ఉండదు, మూత పట్టదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు లక్కకు పట్టించడం కూడా వారం పదిరోజుల్లో వచ్చేది కాదు. అక్కడ సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్మశ్రీ ఫొటో చూసి బయల్దేరితే మాత్రం ఆగమనండి, దాని వెనక ఏళ్ల తరబడి పని ఉంది.

నేనైతే రాజీనామా ఇప్పుడే వద్దంటాను. ఆరు నెలల పాటు ఆదివారాలు అక్కడే ఒక మేస్త్రి దగ్గర పని చెయ్యనివ్వండి. ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టి గంటల లెక్క రాయమనండి. 22 వేలను 26 రోజులకు, రోజుకు ఎనిమిది గంటలకు పంచితే ఇప్పుడు అతని గంట విలువ సుమారు 106 రూపాయలు. ఉదాహరణకు ఆదివారం ఎనిమిది గంటల్లో ఆరు భరిణెలు చేసి, ఒక్కోటి 200కు షాపుకిచ్చాడనుకుందాం. 1,200 వచ్చింది. కర్రకు, లక్కకు, కరెంటుకు 300 పోతే 900. గంటకు 112, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ప్యాకింగుకు, షాపుల చుట్టూ తిరగడానికి రెండు గంటలు కలపండి, 90కి దిగిపోతుంది. పైగా పీఎఫ్ లేదు. గంటకు 150 నికరంగా, వరుసగా నాలుగు నెలలు కనిపిస్తే అప్పుడు రాజీనామా మాట. ఒక్క పండగ సీజను చూసి మోసపోవద్దు. ఈలోగా ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచమనండి.

కాగితాల సంగతి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకుకే ఆ పేరు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. గాజువాకలో చేసి ఆ పేరుతో అమ్మడం కుదరదు. ఇంకోటి, 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్ముకునేవాటికి మినహాయింపు ఉంది. అందుకే చేయి కుదరగానే ఆ నమోదుకిచ్చే ఆర్టిజన్ కార్డుకు దరఖాస్తు చెయ్యాలి. చేతివృత్తులవారి కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. మొదటి విడత అప్పు లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి, తాకట్టు లేకుండా ఇస్తారు. అది స్వయం ఉపాధిలో ఉన్నవాళ్లకు, ఉద్యోగంలో ఉండగా లెక్కేసుకోకండి. లేత్ కొనడానికని ముందుగానే అప్పు చెయ్యడం నాకు అసలు నచ్చదు.

టర్నర్ సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు. వీలైతే సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే లేత్) కోర్సు కూడా చేసి పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత వెనక్కి రావాల్సి వచ్చినా పని దొరుకుతుంది.

ఇక సంబంధాలు. "ఉద్యోగం ఉంది" అని చెప్పి, ఆర్నెల్లకు మానిపించే పని మాత్రం చెయ్యకండి. అబ్బాయి ఆలోచన ఇదీ అని అమ్మాయికీ వాళ్లకూ మొదటి చూపుల్లోనే చెప్పండి. వద్దనేవాళ్లు అప్పుడే వద్దంటారు. పెళ్లయ్యాక బయటపడితే వచ్చే పంచాయితీకి నా దగ్గర సలహా లేదు.