కారు ఇన్సూరెన్స్ కోట్‌లు నాలుగైదు చోట్ల చూస్తే పాలసీకి ఇబ్బందా?

చూడటం వల్ల ఏమీ కాదండీ, చూసేటప్పుడు మనం తొందరలో నొక్కే వాటితోనే అసలు తంటా. గాజువాకలో మా బావ పోయినేడు బంపర్‌కి క్లెయిమ్ తీసుకుని కూడా, రెన్యువల్‌కి ఫోన్‌లో రేట్లు చూస్తూ "క్లెయిమ్ చేశారా?" అన్నచోట "లేదు" కొట్టేశాడు, ప్రీమియం తగ్గిందని ఒకటే సంబరం. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి మన కారు డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది, మామూలుగా ఒక్క క్లెయిమ్‌తో సున్నాకొస్తుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే ఇట్టే దొరికిపోతాం, రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు అక్కడే పట్టుకుంటారు.

ఇంకోటి, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కవర్) రేటు ప్రభుత్వం ఖరారు చేసేది, ఏ కంపెనీలోనైనా అంతే. కాబట్టి ఎవరైనా మరీ చవగ్గా చూపిస్తే ఐడీవీ (అంటే కారు పూర్తిగా పోతే ఇచ్చే మొత్తం) తగ్గించారేమో, ఇంజిన్ ప్రొటెక్షన్ తీసేశారేమో చూడండి. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మన విశాఖ. నీళ్లలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడైతే, ఆ కవర్ లేని పాలసీలో సాధారణంగా పైసా రాదు.

బేరాలాడుతూ గడువు దాటించారా, కారుకి మళ్లీ ఇన్‌స్పెక్షన్ అంటారు, 90 రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ గోవిందా. ఈలోగా ట్రాఫిక్ వాళ్లు ఆపితే, మోటారు వాహనాల చట్టంలో మొదటిసారికి రాసిన జరిమానా 2000 రూపాయలు.

నేనైతే మూడు వారాల ముందే, పాత పాలసీ కాపీ పక్కన పెట్టుకుని చూస్తా. నంబర్ ఇచ్చాక వచ్చే ఫోన్లు మాత్రం తప్పవు.