మీరు సంతకం పెట్టినా పిల్లల హక్కు పోలేదు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి పని చేస్తాను. ఏడేళ్ల కిందట నా భర్త విశాఖపట్నంలో మరొకరితో కాపురం పెట్టాడు. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని నాకు రెండు లక్షలు ఇప్పించి, ఇకపై నాకు గానీ పిల్లలకు గానీ ఆయనతో ఏ సంబంధమూ లేదని స్టాంపు కాగితం మీద రాయించి సంతకాలు పెట్టించారు. కోర్టులో విడాకులు తీసుకోలేదు. ఆయన ఒక కంపెనీలో ఫిట్టర్. జీతం బ్యాంకులో పడుతుంది. పాపకు పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. నర్సింగ్ చదువుతానంటోంది. బాబు ఎనిమిదో తరగతి. ఫీజుకు సాయం అడిగితే, ‘తల్లికి వందనం డబ్బులు వస్తున్నాయి కదా’ అన్నాడు. మా అత్తగారు బాబును మాత్రం పంపితే చదివిస్తామంటున్నారు. వాళ్ల ముందు చేయి చాచొద్దని మా అన్నయ్య కోప్పడుతున్నాడు. సంతకం పెట్టేశాక అడిగే హక్కు నాకు ఉంటుందా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీరు పెట్టిన సంతకం గురించి ముందుగా చెబుతాను, ఏడేళ్లుగా మిమ్మల్ని ఆపుతున్నది అదే కనుక. తండ్రి నుంచి పోషణ పొందే హక్కు మీ పిల్లలది. వాళ్ల తరఫున అడగడానికే తప్ప, దాన్ని వదులుకోవడానికి మీకు గానీ ఊరి పెద్దలకు గానీ అధికారం లేదు. అలాంటి ఒప్పందం ఎన్ని సంతకాలు ఉన్నా పిల్లలను కట్టిపడేయదు. ఆ పెద్దలు మంచి ఉద్దేశంతోనే కూర్చుని ఉండవచ్చు. అయినా పదేళ్లు, ఆరేళ్లు ఉన్న ఇద్దరు పిల్లల తిండి, చదువు, మందులు అన్నీ రెండు లక్షలతో తీరిపోతాయని ఎలా లెక్క కట్టారో నాకు అర్థం కావడం లేదు.

ఆ కాగితాన్ని చింపేయకండి. ఒకసారి తీసి చదవండి. అందులో మీ పెళ్లి ప్రస్తావన, పిల్లల పేర్లు, కింద ఆయన సంతకం ఉంటే, ఆ పిల్లలు తన బిడ్డలేనని ఆయనే రాసిచ్చినట్టు. బాధ్యత వదిలించుకోవడానికి రాయించిన కాగితం రేపు మీకే సాక్ష్యమవుతుంది. తీసుకున్న రెండు లక్షలను మాత్రం దాచవద్దు. కోర్టుకు మీరే చెప్పండి.

ఇక చట్టం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. స్తోమత ఉండి కూడా మైనర్ పిల్లలను పోషించని తండ్రి నెలనెలా ఇంత చెల్లించాలని దీని కింద కోర్టు ఆదేశిస్తుంది. విడాకులు కాలేదు గనుక మీ భరణం కూడా అడగవచ్చు. విశాఖపట్నం వెళ్లనక్కర లేదు, మీరు నివసించే ప్రాంతపు కోర్టులోనే వేయవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతర భరణం కోరితే, ఆయనకు నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకాస్త ఆలస్యమవుతుంది, ఆ ఓపిక కూడగట్టుకోండి.

మీరు ఆలస్యం చేయకూడనిది పాప విషయంలో. 144వ సెక్షన్ కింద పిల్లల పోషణ మామూలుగా పద్దెనిమిదేళ్లతో ఆగిపోతుంది. పాపకు పద్దెనిమిది నిండగానే ఆయన లాయరు ఆ మాటే అంటాడు. అందుకని 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టంలోని 20వ సెక్షన్ కింద కూడా పాప తరఫున అడగమని మీ లాయరుకు గట్టిగా చెప్పండి. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే మేజరైనా తండ్రి నుంచి పోషణ కోరవచ్చని ఆ చట్టం చెబుతుంది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను విడమరచి చెప్పింది. పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం, వాటితోపాటు చదువు కూడా. నర్సింగ్ ఫీజు ఆ లెక్కలోకే వస్తుంది. పాత ఏడేళ్ల బాకీ రాబట్టడం కష్టమే. సాధారణంగా అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కిస్తారు, కనుక మీరు వెనకాడే ప్రతి నెలా పిల్లలకే నష్టం.

ఆయన జీతం ఎంతో మీరు రుజువు చేయలేరని భయపడకండి. 2020లోనే సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలి. కంపెనీ పేరు, ఆయన ఐడీ కార్డు ఫొటో, పాత పీఎఫ్ కాగితం ఏదున్నా తీసి పెట్టుకోండి. మీ కూలి ఎంతో అంతా రాయండి. కిలోల లెక్కన వచ్చే కూలి సీజన్‌లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ ఉంటుంది కాబట్టి, రెండూ రాయండి. ఏమీ సంపాదించడం లేదని రాయిస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది. ఒక నోటుపుస్తకంలో ఈ నెల నుంచే పాప కాలేజీ ఫీజు, బస్సు పాసు, బాబు బూట్లు, జ్వరానికి కొన్న మందులు, అన్నీ తేదీలతో రాసి రసీదులు దాచండి. తల్లికి వందనం పిల్లలు బడి మానకుండా ప్రభుత్వం ఇచ్చే సాయం. దాన్ని చూపించి తండ్రి తన బాధ్యత దించేసుకోలేడు.

బాబును మాత్రం పంపమన్న మీ అత్తగారి మాట నాకు నచ్చలేదు. ఆమెకు మనవరాలు కూడా ఉంది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది వేరే విషయం. ‘నా దగ్గరుంటేనే డబ్బిస్తాను’ అనే షరతు కుదరదు. అలాగే డబ్బివ్వలేదన్న కోపంతో తండ్రిని చూడొద్దని మీరు పిల్లలను కట్టడి చేయకండి. నోటీసు వెళ్లకముందే పాపకు విషయం మీరే చెప్పండి. బంధువుల నోట వింటే ఆ పిల్ల తన చదువు వల్లే గొడవ వచ్చిందనుకుంటుంది.

మీ అన్నయ్య పౌరుషం అర్థమవుతుంది. కానీ ఇచ్చిన అప్పు వసూలుకు వెళ్లినవాడిని ఎవరూ బిచ్చగాడనరు. వాయిదా రోజున మీకు కూలి పోతుంది, ఒంటరిగా కోర్టులో కూర్చోవడం కష్టమవుతుంది. తోడు రమ్మని ఆయన్ను అడగండి.

లాయరు ఖర్చు మీకు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా ముందుగా 15100కు ఫోన్ చేయండి. పెళ్లి ఫొటో, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, స్టాంపు కాగితం పట్టుకెళ్లండి. ఆదేశం వచ్చాక కూడా ఆయన కట్టకపోతే ఏడాదిలోపు వసూలుకు అర్జీ పెట్టాలి. కారణం లేకుండా ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల వరకు జైలు పడవచ్చు, జైలుకు వెళ్లొచ్చినా బాకీ మాఫీ కాదు.

నోటీసు అందగానే పెద్దలు మళ్లీ మీ గుమ్మం ఎక్కుతారు. రాజీ పడటం తప్పు కాదు, మర్యాదగానే మాట్లాడండి. అయితే ఈసారి ఊరి రచ్చబండ దగ్గర వద్దు, లోక్ అదాలత్‌లో కూర్చుందాం అనండి. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. నెలకు ఎంత, ఏ తేదీలోగా, ఏ ఖాతాలో వేయాలి, పాప నర్సింగ్ ఫీజు ఎవరు కట్టాలి అన్నవి స్పష్టంగా రాయించి, చదివి వినిపించమని అడిగి, అప్పుడు సంతకం పెట్టండి.