గ్రహణానికీ గుండెలో రంధ్రానికీ లంకె లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాబుకు తొమ్మిది నెలలు. గుండె కింది గదుల మధ్య రంధ్రం ఉంటే ఆపరేషన్ చేశారు. జన్యు పరీక్షలో కేఎంటీ2డీ అనే జన్యువులో మార్పు ఉందని, కబుకి సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బని రాశారు. ఐదో నెలలో గ్రహణం చూశావు, అందుకే ఇట్లయిందని మా అత్తమ్మ అంటోంది. ఇంకో బిడ్డ అంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: ముందు గ్రహణం సంగతి తేల్చేద్దాం తల్లీ. పిండం పడిన మూడు వారాలు దాటగానే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ రెండు గదుల మధ్య గోడ ఎనిమిదో వారానికల్లా మూసుకోవాలి. మీరు ఐదో నెలలో ఆకాశంలో ఏం చూసినా, అప్పటికే ఆ గోడ పని ముగిసిపోయింది. అత్తమ్మ మీద కోపం వద్దు. హన్మకొండలో నా ఓపీకి వచ్చే చదువుకున్నవాళ్లూ ఇదే అడుగుతారు.

ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. గుండె కట్టే కణంలో ఏవి పనిచేయాలో చెప్పేది, డీఎన్‌ఏ చుట్టుకున్న హిస్టోన్ ప్రొటీన్ల మీది చిన్న రసాయన గుర్తులు. ఎనుమాముల మార్కెట్‌లో గుర్తు పెట్టిన మిర్చి బస్తానే హమాలీ లేపినట్టు, కణం కూడా గుర్తున్న జన్యువునే తెరుస్తుంది. కేఎంటీ2డీ నుంచి వచ్చే ఎంజైమ్ పెట్టేది అలాంటి గుర్తునే. ఈ జన్యువు మనకు రెండు కాపీలు ఉంటుంది. ఒకటి చెడితే మిగిలినది పెట్టే గుర్తులు గుండెకు చాలవు.

కబుకిని జపాన్ వైద్యులు 1981లో వర్ణించారు, ఈ జన్యువు 2010లో దొరికింది. 2013లో తీవ్రమైన గుండె లోపాలున్న 362 మంది పిల్లలను తల్లిదండ్రులతో పోల్చి చూస్తే, హిస్టోన్ గుర్తులకు సంబంధించిన జన్యువుల్లో కొత్త మార్పులు ఎక్కువగా కనిపించాయి. కొత్తవి అంటే అమ్మానాన్నల్లో లేనివి. కబుకిలో ఎక్కువమందికి ఇంతే.

మీ విషయంలోనూ అంతేనా అన్నది మీ ఇద్దరి రక్తం చూస్తేనే తెలుస్తుంది. ఇద్దరిలోనూ లేకపోతే మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి దాకా. ఒకరిలో ఉంటే సగానికి సగం. బాబు రిపోర్టు పట్టుకుని నిమ్స్ జన్యు విభాగానికి వెళ్లండి, కానీ గర్భం రాకముందే. అప్పుడే 11–13 వారాల్లో మాయ నుంచి ముక్క తీసి చూసే పరీక్షకు వీలుంటుంది. టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాలు చూసే స్కాన్), పిండం గుండె ఎకో ఎలాగూ చేయించాలి.

కబుకి చెవులనూ కిడ్నీలనూ తాకవచ్చు కాబట్టి, ఈలోగా బాబుకు వినికిడి పరీక్ష, కిడ్నీల స్కాన్ చేయించారా? వాటి గురించి మీరేమీ రాయలేదు.