వరంగల్‌లో రోటరీ క్లబ్‌లో చేరమంటున్నారు, వారం వారం మీటింగుల్లో అసలేం చేస్తారు?

మీరు అడిగింది ఇదీ: కాజీపేటలో మెడికల్ షాపు నడుపుతున్నారు, తెలిసిన డాక్టరు గారు రోటరీలో (ఊళ్లోని వ్యాపారులు, డాక్టర్లు లాంటి వాళ్లు కలిసి సేవా పనులు చేసే క్లబ్) చేరమని వెంటపడుతున్నారు. ప్రతి వారం మీటింగ్ అట. శాలువాలు కప్పుకొని ఫోటోలు దిగడం తప్ప అక్కడ జరిగేది ఏమైనా ఉందా, దుకాణం వదిలి వెళ్లేంత పనేనా అని. మీ ఇంట్లో ఆవిడకూ ఆసక్తి ఉందన్నారు. నేను హనుమకొండలో ఒక క్లబ్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఒక ఏడాది సెక్రటరీగా కూడా చేశాను. శాలువాల మాట నిజమే సార్. మా దగ్గర శాలువా పడని మీటింగ్ అరుదు.

ముందు మీటింగ్ ఎలా ఉంటుందో చెప్తా. ఏడున్నరకని మెసేజ్ పెడతాం, ఎనిమిదికి మొదలవుతుంది. ప్రెసిడెంట్ పదవికి గుర్తుగా మెడలో కాలర్ అనే పట్టీ వేసుకొని గంట కొడతారు. ప్రార్థన అవుతుంది. తర్వాత ‘ఫోర్ వే టెస్ట్’ చదువుతారు. ఇది నిజమా, అందరికీ న్యాయమా, స్నేహం పెరుగుతుందా, అందరికీ మేలు జరుగుతుందా అని నాలుగు ప్రశ్నలు. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన, షికాగోలో దివాలా అంచుకు వచ్చిన అల్యూమినియం వంట సామాన్ల కంపెనీని నిలబెట్టే పనిలో పడి, తన సిబ్బంది కోసం రాసుకున్నవి. అంటే ఇవి వ్యాపారం కోసం పుట్టిన ప్రశ్నలే. మేమైతే గడగడా చదివేసి కూర్చుంటాం. ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసే మా సభ్యుడొకరు, “నాలుగింటికీ అవునంటే నా దగ్గర ఒక్క బస్తా కదలదు” అని ప్రతిసారీ నవ్విస్తాడు.

ఆ తర్వాత పుట్టినరోజులు, పెళ్లిరోజులు. దంపతులను ముందుకు పిలిచి బొకే ఇస్తారు, ఆయన సిగ్గుపడతాడు, ఆవిడ ఫోటోకు సర్దుకొని నిలబడుతుంది. సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అని ఒకాయన ఉంటాడు, ఆయన పని ఫైన్లు వసూలు చేయడం. చొక్కాకు రోటరీ పిన్ పెట్టుకోలేదా, ఫైన్. ఫోన్ మోగిందా, ఫైన్. కొత్త కారు కొన్నారా, పేపర్లో పేరు పడిందా, దానికీ ఫైనే. ఆ డబ్బు క్లబ్ ఖాతాకే వెళ్తుంది కాబట్టి ఎవరూ గింజుకోరు. ఆపైన అతిథి ఉపన్యాసం. సైబర్ మోసాల మీద ఒక పోలీసు అధికారి చెప్పిన మీటింగ్‌లో భోజనం చల్లారిపోయినా ఒక్కరూ లేవలేదు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మాత్రం మాకు దొరికే ప్రతి వక్తా దాని మీదే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు... ఆ కథ మాకు కంఠతా వచ్చేసింది.

ఇంతవరకు చూసి లేచి వచ్చేస్తే మీ అనుమానమే రైట్ అనిపిస్తుంది. అసలు పని సెక్రటరీ ప్రకటనల దగ్గర, ఒక్కోసారి భోజనం ప్లేటు చేతిలో పట్టుకున్నాక మొదలవుతుంది.

రక్తదానం సంగతే తీసుకోండి. ఒకసారి మా ప్రెసిడెంట్‌కు ఒకే రోజు పెద్ద క్యాంపు పెట్టి రోటరీ జిల్లా (చాలా క్లబ్బులను కలిపి రోటరీ జిల్లా అంటారు) సమావేశంలో పేరు తెచ్చుకోవాలని ఉండేది. తేదీ అక్టోబర్ 2, కాలేజీ పిల్లలు దొరుకుతారు, బ్యానర్ కూడా డిజైన్ అయిపోయింది. మీటింగ్‌లో వెనక వరుస నుంచి ఒక ల్యాబ్ డాక్టర్ లేచి, ఆ రక్తం ఎన్నాళ్లు ఉంటుందో తెలుసా అని అడిగారు. ఎర్ర రక్తకణాల సంచీ ఫ్రిజ్‌లో పెడితే 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే ఐదే రోజులు. మరి తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి, ఏడాది పొడవునా ఎక్కించాల్సిందే. మే నెలలో కాలేజీలు మూతపడి, ఎండకు జనం బయటికి రాక బ్లడ్ బ్యాంకులు దాతల కోసం ఎదురు చూస్తుంటాయి. అక్టోబర్లో ఇచ్చిన రక్తం ఆ రోజుకి ఎక్కడుంటుంది? గొడవ గొడవ అయింది. పాస్ట్ ప్రెసిడెంట్లు రెండు జట్లయ్యారు. చివరికి అక్టోబర్ క్యాంపు చిన్నగా పెట్టి, మే నెలలో ప్రతి ఆదివారం కొందరు కొందరుగా బ్లడ్ బ్యాంకుకే వెళ్లాలని తేలింది. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు కాబట్టి ఎవరి వంతు ఎప్పుడో పేర్లతో జాబితా రాసుకున్నాం. దానికి బ్యానర్ లేదు, పేపర్లో ఫోటో రాలేదు. ప్రెసిడెంట్ గారు కొన్నాళ్లు ముభావంగానే ఉన్నారు.

కంటి శిబిరం కూడా ఇలాంటిదే. పరకాల వైపు ఊళ్లలో పెడతాం. ప్రారంభోత్సవం నాడు టెంటు కింద అందరూ ఉంటారు. శుక్లాలు ఉన్న పెద్దవాళ్లను గుర్తించి, బీపీ, షుగర్ చూసి, బస్సులో హాస్పిటల్‌కు తీసుకెళ్లి లెన్స్ వేయించడం వరకూ బండి నడుస్తుంది. “ఎండాకాలం ఆపరేషన్ చేస్తే కన్ను పాడైతది బిడ్డా, చలికాలం చేయించుకుంట” అని ముసలమ్మలు తప్పించుకుంటారు. కాలంతో సంబంధం లేదని డాక్టర్లు ఎంత చెప్పినా నమ్మరు, పక్కింటావిడ చేయించుకొని సూదిలో దారం ఎక్కించి చూపిస్తే నమ్ముతారు. తర్వాత వారాల తరబడి చుక్కల మందు వేయాలి, మళ్లీ చూపించుకోవాలి. కొడుకు హైదరాబాద్‌లో, కోడలు పత్తి చేనుకు పోతే చుక్కలు వేసేదెవరు? మీలాంటి మెడికల్ షాపు ఆయన అక్కరకొచ్చేది ఇక్కడే. మా క్లబ్‌లో ఫార్మసీ వాళ్లొకరు సీసాల మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ స్టిక్కర్లు వేయించారు. ఏ సీసా ఎప్పుడో చదువు రాని వాళ్లకూ తెలిసిపోయింది. ఆ ఆలోచన ఏ ఉపన్యాసంలోంచీ రాలేదు, పెరుగన్నం తింటూ ఎవరో అన్న మాటలోంచి వచ్చింది.

1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఈ క్లబ్ మొదలుపెట్టినప్పుడు పక్కన కూర్చున్న ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు మైనింగ్ ఇంజనీరు, ఒకరు బట్టలు కుట్టే దుకాణం వారు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరు అనేది మొదటి నాటి పద్ధతి. ఇప్పుడు ఆ నిబంధన సడలింది కానీ దాని వల్ల లాభమేమిటో మాకు బెంచీల దగ్గర తెలిసింది. ఒక సర్కారు బడికి బెంచీలు ఇద్దామనుకొని కొటేషన్లు కూడా తెప్పించాం. ఫర్నిచర్ షాపు సభ్యుడు కొలతలు చూసి, “ఇవి హైస్కూల్ పిల్లలకు. ఒకటో తరగతి పిల్లల కాళ్లు నేలకందవు, రోజంతా వేలాడుతూ కూర్చోవాలా?” అన్నాడు. మా అందరిలో చదువుకున్న వాళ్లు చాలామందే ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదు.

పోలియో గురించి వేరే చెప్పక్కర్లేదు. 1985 నుంచి రోటరీ పట్టుకున్న పని, మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరా దగ్గర వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. మీ కాజీపేట జంక్షన్‌లో పల్స్ పోలియో ఆదివారాలు రైలు దిగే పిల్లలను పట్టుకొని చుక్కలు వేయడం మీరు చూసే ఉంటారు.

ఇక ఇబ్బందులు. ఫీజు ఒకేసారి తెలియదు, విడివిడిగా వస్తుంది. అంతర్జాతీయ సంస్థకు కట్టేది డాలర్లలో లెక్క, రూపాయి పడితే అదీ పెరుగుతుంది. దాని మీద జిల్లా ఫీజు, క్లబ్ ఫీజు, భోజనం. ఆపైన రోటరీ ఫౌండేషన్‌కు, అంటే రోటరీ వాళ్ల సేవా నిధికి, విరాళం ఇమ్మంటారు. వెయ్యి డాలర్లిస్తే ‘పాల్ హారిస్ ఫెలో’ అంటారు. అది మీ ఇష్టం, మొహమాటపడి ఒప్పుకోకండి. ఏడాదికంతా కలిపి ఎంతవుతుందో చేరకముందే ట్రెజరర్‌ను సూటిగా అడగండి. రాజకీయాలు కూడా ఉంటాయి. వచ్చే ఏడాది ప్రెసిడెంట్ ఎవరనేదాని మీద పలకరింపులు ఆగిపోయిన స్నేహితులు నాకు తెలుసు. వేదిక మీద కుర్చీ వేయలేదని అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోయిన పెద్దమనిషీ ఉన్నాడు.

ప్రతి వారం వెళ్లాల్సిందేనా అంటే, 2016లో నిబంధన మార్చారు, నెలకు కనీసం రెండు మీటింగులు పెడితే చాలు. ఈ వెసులుబాటు చాలా క్లబ్బులు వాడుకుంటున్నాయి. మేము వారం వారమే ఉంచుకున్నాం, నా మట్టుకు అదే మంచిది. రెండు వారాలు కలవకపోతే జాబితాలో పేరున్నవాడికి ఫోన్ చేసి గుర్తు చేయాల్సి వస్తుంది. వారం వారం ఎదురుపడితే ఆ అవసరం రాదు, ముఖం చూసే తప్పించుకోలేడు. ఊరెళ్లినప్పుడు అక్కడి క్లబ్ మీటింగ్‌కు హాజరైతే దాన్ని ‘మేకప్’గా, అంటే ఇక్కడ తప్పిన మీటింగ్‌కు బదులుగా, లెక్కేస్తారు కూడా.

ఒక్క సలహా. జులైలో రోటరీ సంవత్సరం మొదలవుతుంది, అప్పుడు ఏదో ఫంక్షన్ హాల్లో ఇన్‌స్టలేషన్, అంటే కొత్త ప్రెసిడెంట్ పదవి స్వీకరించే వేడుక, చేస్తారు. డాక్టరు గారు మిమ్మల్ని దానికే పిలుస్తారు. అది చూసి నిర్ణయం తీసుకోకండి, అదొక పెళ్లి హడావిడి. ఫిబ్రవరిలో ఏదో ఒక మామూలు వారం వెళ్లండి. అప్పటికి ఎనుమాములకు మిర్చి వచ్చి పడుతుంటుంది, పెళ్లి ముహూర్తాలు ఉంటాయి, మేడారం జాతర ఏడాదైతే సగం ఊరు ఆ పనిలోనే ఉంటుంది. హాల్లో కుర్చీలు ఖాళీ. ఆ రోజు వచ్చి కూర్చున్న వాళ్లెవరో, సెక్రటరీ “ఆదివారం పొద్దున ఆరింటికి ఎవరొస్తారు” అన్నప్పుడు ఎన్ని చేతులు లేస్తాయో చూడండి. నాలుగైదు లేచినా చేరిపోవచ్చు. ఫోన్లలోకి తల వంచుకుంటే మర్యాదగా భోజనం చేసి వచ్చేయండి.

మీ ఇంట్లో వాళ్లకూ ఆసక్తి ఉందన్నారు కదా. 1989 నుంచి ఆడవాళ్లకూ సభ్యత్వం ఉంది, వాళ్ల పేరు మీద విడిగా చేరవచ్చు. భార్యగా వస్తే ‘ఆన్’ అంటారు, ఓటు ఉండదు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు చేరాలనుకుంటే రోటరీ లాంటిదే మరో సేవా సంస్థ లయన్స్ క్లబ్‌ను కూడా అడిగి చూడండి, అక్కడ కుటుంబంలో రెండో సభ్యుడికి అంతర్జాతీయ ఫీజు సగమే. ఇంకా ఏమైనా అడగాలంటే కింద రాయండి, మీటింగ్ లేని రాత్రి జవాబిస్తా.