శత్రువు ఊపిరితిత్తుల్లో నీళ్లు పుట్టించొచ్చా?

బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట ఐదో ఎడిషన్‌లో, నీళ్లు పుట్టించే ‘క్రియేట్ ఆర్ డిస్ట్రాయ్ వాటర్’ మంత్రంతో శత్రువుకు ఊపిరాడకుండా చేయొచ్చా అని అడిగారు. కుదరదు. 2014 రూల్‌బుక్ ప్రకారం 10 గ్యాలన్ల నీళ్లు, అంటే దాదాపు 38 లీటర్లు, మూత లేని పాత్రలో పుడతాయి, బిందె, బకెట్ లాంటివన్నమాట. లేదంటే వానగా కురుస్తాయి. పైగా మంత్రం వేసేవాళ్లకీ లక్ష్యానికీ మధ్య అడ్డు ఉండకూడదు. ఇక్కడ ఒళ్లే అడ్డు. అసలు మొదటి లెవెల్ మంత్రమే ప్రాణం తీసేస్తే పై లెవెల్ మంత్రాలు ఎవరికి కావాలి? డంజన్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా కూర్చుంటే నేను ముందు చూసేది ఈ లెక్కే.

అయితే ఆలోచనను కొట్టిపారేయకండి. మా ఆటలో ఒకమ్మాయి కాపలావాడి కాగడా మీద వాన కురిపించింది. కాగడా ఆరింది, గది చీకటైంది, అందరూ తప్పించుకున్నారు. సందేహం వస్తే ఆ పూటకు మాస్టర్ మాటే ఖాయమనీ, చర్చ ఆట అయ్యాకేననీ మొదటిరోజే అనుకోండి.